సలోమి మేడం ఇంట్లో ఆగిపోయిన కూలర్

ఈ ఉదయం కూలర్‌కు కొత్త గడ్డి వేయించాను. వేసిన అతను పైనుంచి ఒక బిందె నీళ్ళు కుమ్మరించి, "జర నాననియ్యుండ్రి మేడం, తర్వాత వేసుకోండ్రి" అని చెప్పి వెళ్ళాడు. గడ్డి నానడమూ అయింది, ఆ వాసన గదంతా నిండడమూ అయింది. పచ్చికట్టె, తడిమట్టి కలిసినట్టుండే ఆ వాసన తగిలితే చాలు, రాయచూరు ఎండల్లో పెరిగినవాళ్ళకు ఒళ్ళు సగం చల్లబడుతుంది. నేను మాత్రం కూలర్ ముందు కుర్చీ వేసుకుని, స్విచ్ వెయ్యకుండా, చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. సలోమి మేడం పోయారని, ఆమె దగ్గర నాతోపాటు నేర్చుకున్న బసవరాజు నిన్న ఫోన్ చేశాడు. ఇవాళ మధ్యాహ్నం బస్సుకు వస్తానన్నాడు. అతను వచ్చేదాకా ఈ స్విచ్ వెయ్యను. ఎందుకో చెప్పాలంటే ముందు మేడం గురించి చెప్పాలి.

కృష్ణ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం కాలనీలో మా బాల్యం గడిచింది. మా నాన్న బొగ్గు దింపే విభాగంలో పనిచేసేవాడు. కాలనీలో ఆరేసిన బట్టలమీద బూడిద పడేది, అన్నం మీద మూత తీస్తే బూడిద పడేది, ఆఖరికి మా మాటల మీద కూడా పడేదనుకుంటాను, అందరం కాస్త గట్టిగా దులిపినట్టు మాట్లాడేవాళ్ళం. సలోమి మేడం కాలనీ బడిలో కంప్యూటర్ టీచరు. బాపట్ల వైపు నుంచి వచ్చారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎంత ఎండలోనైనా గంజి పెట్టిన నూలు చీరే కట్టేవారు. తరగతి మొదలుపెట్టే ముందు చేతిరుమాలుతో ప్రతి కంప్యూటర్ తెరమీదా బూడిద తుడిచేవారు. మమ్మల్ని తుడవనిచ్చేవారు కాదు, గీతలు పెడతామని అనుమానం.

వేసవి సెలవుల్లో పిల్లలంతా కాలనీ క్లబ్బులో చేరి కంప్యూటర్ ఆటలు ఆడుతున్నారని ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడట. మేడం వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఎవరో చేసిన ఆటలాడి కళ్ళు పాడుచేసుకోవడం దేనికి? మీరే చేసి పాడుచేసుకోండి" అన్నారు. ఆ మాటతో మొదలైంది మా తరగతి. ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి ఎక్కించారు. అందులో బొమ్మలు పెట్టి, ఆ బొమ్మలు ఎప్పుడు ఏం చేయాలో స్క్రిప్టు రాయాలి. మొదటిరోజు తెరమీద ఒక ఇల్లు, ఇంటికి ఒక తలుపు. తలుపు తెరిచి ఉందా అన్నది ఒక వేరియబుల్. దాని విలువ ట్రూ కావచ్చు, ఫాల్స్ కావచ్చు. నేను ముందు బెంచీలో కూర్చునే రకాన్ని కదా, ఎవరూ అడక్కుండానే, "ట్రూ అంటే నిజం, ఫాల్స్ అంటే అబద్ధం మేడం" అన్నాను.

"అయితే తలుపు మూసుంటే, పాపం అది అబద్ధమాడినట్టా విజ్జీ?" అన్నారు మేడం. అందరూ నవ్వారు. నేను మూతి ముడుచుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "ఫాల్స్ అనేది తిట్టు కాదే అమ్మాయ్. మనం అడిగిన దానికి కాదు అని జవాబు, అంతే. ముందు అడిగేది సరిగ్గా అడగండి, తర్వాత చూసి చెప్పండి" అన్నారు.

చూసి చెప్పడం ఆమెకు పట్టింపు. ఒక్కొక్కరినీ నిలబెట్టి క్లబ్బు హాల్లో ఉన్నవాటి గురించి అడిగేవారు. కిటికీ మూసుందా, బల్ల మీద సుద్ద ఉందా. బసవరాజు వంతు వచ్చినప్పుడు ఫ్యాను తిరుగుతోందా అని అడిగారు. వాడు కాలనీ పిల్లవాడు కాదు, కృష్ణ ఒడ్డు పల్లె నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాన్న థర్మల్‌లో కూలిపనికి వస్తూ వాణ్ణి క్లబ్బు దగ్గర దింపి పోయేవాడు. వాడు మేడం ముఖమే చూస్తూ, "ట్రూ మేడం" అన్నాడు. అప్పటికే కరెంటు పోయింది, ఫ్యాను రెక్కలు కదలకుండా ఉన్నాయి.

"కరెంటు పుట్టే ఊళ్ళో ఉన్నాం కాబట్టి ఫ్యాను తిరుగుతూనే ఉంటుందనుకున్నావుట్రా?" అన్నారు మేడం. "అనుకుని చెప్పకు. తలెత్తి చూసి చెప్పు."

"ఇంతకుముందు తిరుగుతుండె గద మేడం" అన్నాడు వాడు గొణుగుతూ.

"ఇంతకుముందు సంగతి నేనడగలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వుతూనే ఉన్నారు. ఆమె భర్త దేవదానం గారు అప్పటికి ఉన్నారు.

దేవదానం గారిది థర్మల్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. పొడుగు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. మేడం ఆయన్ను "ఏవండీ" అని పిలిస్తే ఆయన "ఏంటి టీచరుగారూ" అని పలికేవారు. ఎంత చదువుకున్నా మేడం ఆయన పేరు నోటితో అనేవారు కాదు. ఎవరైనా మీవారి పేరేంటని అడిగితే పక్కనున్న మమ్మల్ని చెప్పమనేవారు. మేం కావాలనే తెలియనట్టు నటించి ఆమెను ఏడిపించేవాళ్ళం. ఒకరోజు క్లబ్బులో స్టెబిలైజర్ పాడైతే ఆయన బాగుచేయడానికి వచ్చారు. మెయిన్ స్విచ్ ఆపి, చొక్కా జేబులోంచి దారం కట్టిన ఎర్ర అట్ట ఒకటి తీసి స్విచ్‌కు తగిలించారు. మనిషి పని చేస్తున్నాడు, తాకవద్దు అని దానిమీద కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. కింద ఆయన పేరు. థర్మల్‌లో దాన్ని ట్యాగు అంటారు.

"ఇది ఉన్నంతసేపూ ఈ స్విచ్ నాది" అన్నారాయన మాతో. "ఎంత పెద్ద ఇంజినీరొచ్చినా వెయ్యకూడదు. లోపల నా చేతులుంటాయి కదా. తగిలించినోడే తియ్యాలి."

"మీరు మరచిపోయి ఇంటికి వెళ్ళిపోతే?" అని నేను అడిగాను.

"కబురంపుతారు. పెళ్ళి పందిట్లో ఉన్నా వచ్చి తియ్యాల్సిందే. ఓసారి అన్నం ముందు నుంచి లేచొచ్చాను, మీ టీచరుగార్ని అడగండి."

"రాకనే పోతే?" అన్నాడు బసవరాజు.

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చిన్నపిల్లలతో మాట్లాడుతున్నట్టు కాకుండా చెప్పారు. "అప్పుడు ఇద్దరు వెళ్ళాలి. ఒక్కళ్ళు కాదు, ఇద్దరు. లోపలంతా వెతకాలి. పేరు పెట్టి గట్టిగా పిలవాలి. పిలిచేసి ఊరుకోవడం కాదు, ఆగి వినాలి. మిషన్ల మోతలో మనిషి గొంతు తొందరగా వినపడదు. అప్పుడొకళ్ళు 'పిలిచాం, పలకలేదు' అని పైకి చెప్పాలి. రెండోవాళ్ళు అవునని చెప్పాలి. ఆ తర్వాతే ట్యాగు తియ్యడం."

మేడం దాన్ని పాఠం చేసేసుకున్నారు. బోర్డు మీద, ట్యాగు ఉంది, ట్రూ, అని రాసి, "చూశారా? ఈ విలువని చదివేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు. మార్చేవాళ్ళు మాత్రం ఒక్కళ్ళే ఉండాలి. మీ ఆటలో ఏ వేరియబుల్ పెట్టినా ముందు నన్నడక్కుండానే రాసుకోండి, దీన్ని మార్చేది ఎవరు?" అన్నారు. నేను ఈ రోజుకీ అలాగే రాసుకుంటాను.

ఆ జూన్‌లో మాకు చుక్క వాన పడలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక దేవదానం గారు ఇంట్లో కూలర్ విప్పారు. నీళ్ళ పంపు బిగుసుకుపోయిందట. కూలర్ స్విచ్ ఆపి, అలవాటు కొద్దీ జేబులోంచి ట్యాగు తీసి దానికి తగిలించారట. "ఇంట్లో కూడానా?" అని మేడం నవ్వారట. "నేను లేనప్పుడు మీరు వేస్తే?" అని ఆయన అన్నారట. పంపును కిరోసిన్‌లో నానబెట్టి, సాయంత్రం బిగిస్తానని చెప్పి, తెలిసినవాళ్ళ పుట్టి, వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, తీసుకుని చేపలకు నదిమీదికి వెళ్ళారు. పైన ఎక్కడో కురిసిన వానకు నది ఒక్కసారిగా పెరిగింది. మరునాడు పుట్టి కింది రాళ్ళ దగ్గర బోర్లా దొరికింది. ఆయన దొరకలేదు. జాలర్లు వెతికారు, ఈతగాళ్ళు వెతికారు, థర్మల్ వాళ్ళు షిఫ్టు దిగి నేరుగా ఒడ్డుకు పోయి వెతికారు. మా నాన్న బురద కాళ్ళతో వచ్చి గడప దగ్గరే కూర్చుని అన్నం వద్దన్నాడు.

నది తగ్గింది. బడి తెరిచారు. మేడం గంజి చీర కట్టుకుని వచ్చి తెరలమీద బూడిద తుడిచారు. ఆయన లేరని ఎవరు అనబోయినా, "కనపడలేదండీ" అని సరిదిద్దేవారు. ఇంట్లో కూలర్ స్విచ్ మీద ఆ ట్యాగు అలాగే ఉండిపోయింది.

రాయచూరు వేసవి తెలియనివాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఇక్కడ గోడలు కూడా కాలుతాయి. మంచం మీద పక్క తడిపి పడుకుంటే కునుకు పట్టేలోపు ఆరిపోతుంది. అలాంటి ఇంట్లో మేడం కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుని, గచ్చు మీద నీళ్ళు చల్లుకుని వేసవి తర్వాత వేసవి గడిపారు. మా అమ్మ ఒకసారి ఊరుకోలేక వెళ్ళింది, నేనూ వెంట ఉన్నాను.

"ఏంది టీచరమ్మా, గిట్ల ఉడికిపోవట్టిరి. మా ఆయన ఎవరినన్న తోల్కొస్తడు, పంపు ఏసి పోతరు. గింత పనికి ఇన్ని దినాలా?" అంది అమ్మ.

"ఆయన పని మధ్యలో ఉంది పద్మగారూ" అన్నారు మేడం. "ట్యాగుంది."

అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. దారిలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ట్యాగు తీయడమంటే ఆయన లేరని తన చేత్తో రాయడమని మేడానికి తెలుసు, మా అందరికీ తెలుసు. వింత ఏమిటంటే కాలనీలో ఎవరూ ఆమెకు పిచ్చి అనలేదు. అది థర్మల్ కాలనీ. అక్కడి మగవాళ్ళు రోజూ పొద్దున ఆ ఎర్ర అట్టను నమ్ముకుని కరెంటు తీగల మధ్య చేతులు పెట్టేవాళ్ళు. పక్కింటి ఎలక్ట్రీషియన్ నింగప్ప మామ ఆమె ఇంట్లో బల్బు మార్చడానికి వచ్చినా, ఆ స్విచ్‌బోర్డు దగ్గర మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడాది నేను, బసవరాజు కలిసి ఒక ఆట చేశాం. పుట్టివాడు నది దాటే ఆట. నది అనుకోగానే నాకు భయం వేసింది, మేడం ఏమంటారోనని. వాడే వెళ్ళి అడిగాడు. ఆమె కొంచెంసేపు రుమాలు మడతలు పెట్టి, "చెయ్యండి. మీ ఊరి నదే కదా" అన్నారు. పుట్టి, పుట్టివాడు, సుడిగుండం, ఒక మొసలి. పుట్టి మునిగిందా అన్నది వేరియబుల్. దాన్ని మొసలి స్క్రిప్టులో నేనూ మార్చాను, సుడిగుండం స్క్రిప్టులో వాడూ మార్చాడు. దాంతో మొసలి ముంచిన పుట్టిని సుడిగుండం తేల్చేది, మళ్ళీ మొసలి ముంచేది. పుట్టి నీళ్ళలో బూరెలా మునుగుతూ తేలుతూ ఉంటే హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత మేడం కూడా నవ్వారు. "మార్చేది ఎవరని రాసుకోమంటే వింటారా మీరు?" అని ఇద్దరి చెవులూ మెలిపెట్టారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అవతలి ఒడ్డు చేరకుండా పుట్టివాడు ప్రవాహంలో కొట్టుకుపోతే తెర కుడి అంచు దాటి పోయేవాడు. మళ్ళీ ఆట మొదలుపెడితే కొత్త పుట్టివాడు వచ్చేవాడు. పోయినవాళ్ళంతా లోపలే ఉండిపోవడంతో కాసేపటికి ఆ పాత కంప్యూటర్ మొరాయించేది. బసవరాజు తెలివిగా ఒక స్క్రిప్టు రాశాడు. తెరమీద కనిపించడం ఫాల్స్ అయితే, బతికి ఉండడం కూడా ఫాల్స్ చేసి, పుట్టివాణ్ణి తీసేయాలి.

మేడం వెనక నిలబడి చదివారు. ఆమె గాజులు నా కుర్చీ వీపుకు తగిలి చప్పుడు చేశాయి.

"ఇదెందుకు రాశావురా?" అన్నారు.

"తెర మీద కనిపిస్తలేడు గద మేడం. ఊకెనే మెమరీ తింటున్నడు. తీసేస్తే ఏమైతది?" అన్నాడు వాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే. తర్వాత వాడి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. వాడికి అప్పుడు అర్థమైంది.

మేడం కోప్పడలేదు. కుర్చీ లాక్కుని మా మధ్య కూర్చున్నారు. "కనపడకపోవడం ఒక వేరియబుల్. బతికుండడం ఇంకొకటి. ఒకటి చూసి రెండోది రాయకూడదు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. ఆ తర్వాత వాడు రాసింది తుడిచేసి, పుట్టివాడి స్థానం ఎంతో తెర మూలన అంకెల్లో కనిపించేలా చేశారు. ఆట నడిపించారు. పుట్టి కొట్టుకుపోయి అంచు దాటింది. తెర మీద నది తప్ప ఏమీ లేదు. మూలన అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.

"చూశారా, వెళ్తూనే ఉన్నాడు" అన్నారు మేడం. ఆమె చాలాసేపు ఆ అంకెను చూశారు. నాకు ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది, కానీ టీచరును పట్టుకుని ఏడవడం ఎలాగో తెలియలేదు.

ఆ తర్వాత నేను చదువుకు రాయచూరు వచ్చేశాను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా మేడం దగ్గర కూర్చుని చిన్నపిల్లలకు పాఠం చెప్పడంలో సాయం చేసేదాన్ని. ఒక వేసవిలో ఆమె మరిది బాపట్ల నుంచి వచ్చాడు. అన్నకు సమాధి లేదు, స్మరణ ప్రార్థన జరగలేదు, తల్లి మంచం పట్టి అదే అడుగుతోంది అని చెప్పాడు. పైగా జాడ తెలియని మనిషికి చట్టం ప్రకారం నిండవలసిన ఏళ్ళు నిండాయి. ఆయన చనిపోయినట్టేనని మేడం సంతకం చేస్తే ఆఫీసులో ఆగిపోయిన వ్యవహారాలు తెగుతాయి. ఆయన పేరు మీద ఉన్న ఆ క్వార్టర్‌ను అన్నేళ్ళూ ఆమెకు ఉంచడమే ఆఫీసువాళ్ళు చేసిన దయ, ఇక ఖాళీ చేయక తప్పదు. అతను చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు లేదు. మేడం మాత్రం వింటూ వింటూ లేచి కిటికీ గుడ్డ తడిపి వచ్చారు.

అతనికి చెమట, విసుగు రెండూ పట్టలేకుండా ఉన్నాయి. "ముందు ఈ అట్టముక్క పీకి అవతల పారేయి వదినా, మనసు దానంతటదే కుదుటపడుద్ది" అని లేచి స్విచ్ దగ్గరికి వెళ్ళాడు. నింగప్ప మామ గుమ్మంలో ఉన్నాడు. అంత నెమ్మదైన మనిషి ఒక్క అంగలో వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టబ్యాడ్రీ" అన్నాడు కన్నడంలో. తర్వాత తనకు వచ్చిన తెలుగులో, "ముట్టకండి సార్. అది మీది కాదు. నాది గూడ కాదు" అన్నాడు.

మరిది బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. పొలం పనులు చేసుకునే మనిషి, అతనికి ఆ ఎర్ర అట్ట ఏమిటో ఎవరు చెప్పారు? కాసేపటికి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, "నాకు మాత్రం అన్న కాడా" అని ఏడ్చాడు. మేడం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, అతని పక్కన కూర్చున్నారు. ఆ రోజు ఆమె ముఖంలో ఏదో కదిలింది. అన్నేళ్ళూ ఆ ట్యాగు తనకూ ఆయనకూ మధ్య విషయమనుకున్నారేమో. తను తలుపు మూసుకుంటే బయట ఇంకా ఎవరెవరో నిలబడి ఉన్నారని ఆమెకు అప్పుడే తెలిసిందని నా ఊహ.

మరిది వెళ్ళిన తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి నింగప్ప మామ కొత్త పంపు పట్టుకుని వరండాలో ఉన్నాడు. మేడం చర్చికి వెళ్ళేటప్పుడు కట్టుకునే తెల్లచీర కట్టుకున్నారు.

"విజ్జీ, ఇద్దరుండాలి కదే" అన్నారు. "నాతో రా."

ఇల్లంతా తిరిగాం. ఆమె ప్రతి తలుపూ తీసి లోపలికి చూశారు. వంటిల్లు, స్నానాలగది, పెరట్లో బట్టలుతికే బండ, అటకమీద ఆయన గాలాల సంచి. ఏదో ఆట ఆడుతున్నట్టు లేదు, గుడిలోనో చర్చిలోనో నడుస్తున్నట్టు కూడా లేదు. పనిలో ఉన్న మనిషి చూసినట్టు చూశారు. తర్వాత కృష్ణ వైపు ఉండే పెరటి గుమ్మంలో నిలబడ్డారు. పేరు పెట్టి పిలవాలి కదా. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నోటితో అనని పేరు. కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ ఊపిరి తీసుకుని పిలిచారు.

"దేవదానం."

తరగతి చివరి బెంచీకి వినిపించే గొంతు అది. "దేవదానం" అని మళ్ళీ పిలిచారు. పక్కింటి కోళ్ళు బెదిరాయి. ఆగాం, విన్నాం. థర్మల్ హోరు రోజూ ఉండేదే, దాని వెనక ఏమైనా ఉందేమోనని నిజంగానే చెవులు పెట్టి విన్నాం. నేను కూడా ఆ క్షణాన ఆయన పలుకుతారనుకున్నాను. ఏంటి టీచరుగారూ అని వినిపిస్తుందనుకున్నాను. ఎండ తప్ప ఏమీ లేదు.

"పిలిచాం, పలకలేదు" అన్నారు మేడం.

నేను అవునని చెప్పాలి. ఆమె నా వైపు తిరిగి, తరగతిలో జవాబు కోసం ఎదురుచూసినట్టే ఓపికగా ఎదురుచూశారు.

"అవును మేడం. పలకలేదు" అన్నాను.

ఆమె వెళ్ళి దారం ముడి విప్పి ట్యాగు తీశారు. వెలిసిపోయి ఎరుపు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నింగప్ప మామ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పంపు బిగించి, నీళ్ళు పోసి పక్కకు నిలబడ్డాడు. మేడం స్విచ్ వేశారు. ముందు ఏళ్ళనాటి దుమ్ము, ఎండిన గడ్డి పొట్టు వచ్చి మా ముఖాన కొట్టాయి. తర్వాత నీళ్ళు అందాయి, తడిగడ్డి వాసనతో చల్లగాలి వచ్చింది. మేడం ఆ గాలికి ఎదురుగా గచ్చు మీద కూలబడి ఏడ్చారు. అలా పెద్దగా ఏడవడం అంతకుముందు నేను చూడలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. చల్లగా ఉండడం తప్పుగా అనిపించింది, హాయిగానూ ఉంది.

సంతకం చేశారు, బాపట్లలో స్మరణ ప్రార్థన జరిగింది. మేడం క్వార్టర్ ఖాళీ చేసి బాపట్లలోనే చెల్లెలి ఇంటికి చేరారు. బయల్దేరే రోజు నేను, బసవరాజు సామాన్లు లారీకి ఎక్కించాం. ఎక్కబోతూ ఆగి, "ఒరే బసవరాజూ, ఆ పుట్టివాడి ఆట ఉంచావా?" అని అడిగారు.

"ఉన్నది మేడం."

"అందులో మాత్రం వాణ్ణి తీసెయ్యకు. పోనివ్వు."

నేనిప్పుడు రాయచూరులో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకు స్క్రిప్టింగ్ చెబుతాను. మొదటిరోజు తలుపు బొమ్మే పెడతాను. ఎవరో ఒకరు ఫాల్స్ అంటే అబద్ధం అంటారు, నేను మేడం అడిగిందే అడుగుతాను. తలెత్తి చూసి చెప్పమంటాను. పుట్టివాడి ఆట కూడా చూపిస్తాను. అతను అంచు దాటి పోయాక మూలన అంకె పెరుగుతుంటే, ఎక్కడికి పోతున్నాడు మేడం అని పిల్లలు అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెబుతాను.

నిన్న బసవరాజు ఫోన్ చేసినప్పుడు నేను ఏడవలేదు. "ఎవరు చూశారు?" అని అడిగాను. ఎవరైనా వింటే నాకు మనసు లేదనుకునేవాళ్ళు. వాడు అనుకోలేదు. "వాళ్ళ చెల్లెతోని నేనే మాట్లాడిన విజ్జక్కా. దఫన్ గూడ అయిపోయిందంట, మట్టిల పెట్టిన్రంట" అన్నాడు. వాడు సిరవారలో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాడు. ఇవాళ దాన్ని మూసి వస్తున్నాడు.

వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, "ఏంది విజ్జక్కా, గింత ఎండల కూలర్ వేస్తలేవు? గడ్డి గూడ కొత్తగున్నది గద" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. వాడు నన్ను చూశాడు, స్విచ్‌ను చూశాడు. భుజం మీది సంచి కింద పెట్టి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

బాపట్ల వైపుండే తూర్పు కిటికీ తెరిచాను. మేడాన్ని నేనెప్పుడూ పేరుతో పిలవలేదు. మా అమ్మ నేర్పిన మర్యాద అడ్డొచ్చింది.

"సలోమి" అని పిలిచాను. "సలోమి మేడం."

వీధిలో ఆటో ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగాం, పోయాక కూడా ఆగాం.

"పిలిచాం, పలకలేదు" అన్నాను.

బసవరాజు కళ్ళు తుడుచుకోకుండానే, "అవును, పలుకలే" అన్నాడు.

అప్పుడు స్విచ్ వేశాను.